తిరుపతి నుంచి శాక్సఫోన్ వాయిస్తున్నాను, జాజ్ చదవడానికి అకాడమీలో చేరాలా? తెలిసినవాళ్ళు చెప్పండి

రేణిగుంట_శాక్స్ | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. తిరుపతిలో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను, ఇల్లు రేణిగుంట దగ్గర. మా నాయన ముప్పై ఏళ్ళుగా బ్యాండు మేళంలో క్లారినెట్, శాక్సఫోన్ వాయిస్తారు. పెళ్ళి ఊరేగింపులు, రిసెప్షన్లు, గంగ జాతర, ఎవరైనా పెద్దవాళ్ళు పోతే ఆ మేళం కూడా. ఆయన పాత ఆల్టో శాక్స్ మీదే తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాను. మా వీధిలోనే ఒక టీచరమ్మ దగ్గర నాలుగేళ్ళు గాత్రం నేర్చుకున్నాను, వర్ణాలు దాటి కొన్ని కీర్తనలు వచ్చు, మోహనం, కల్యాణి, ఖరహరప్రియ రాగాల్లో కాస్త కల్పనస్వరం, అంటే అప్పటికప్పుడు కట్టే స్వరాలు, వేయగలను.

రెండేళ్ళ క్రితం ఒక రాత్రి ఫోన్‌లో అమెరికా జాజ్ శాక్స్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ వాయించింది విన్నాను. ఏం వాయిస్తున్నాడో అర్థం కాలేదు, ఆపడానికి మాత్రం చెయ్యి రాలేదు, తెల్లారేదాకా విన్నాను. అప్పటి నుంచి ఇదే నేర్చుకోవాలని ఉంది. చెన్నైలో ఒక అకాడమీలో రెండేళ్ళ డిప్లొమా ఉందట, జాజ్ పెర్ఫార్మెన్స్, ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు కట్టి వాయించడం) మీద. వచ్చే నెలలో ఆడిషన్. ఇంట్లో ఇంకా చెప్పలేదు. పెదనాన్నకి మాత్రం ఎట్లాగో తెలిసిపోయింది, బ్యాంకు పరీక్షలు రాసుకోకుండా ఈ బూరలు ఏంది అన్నారు.

నా సందేహం ఏందంటే, అప్పటికప్పుడు పుట్టాల్సిన సంగీతాన్ని క్లాసులో కూర్చోబెట్టి ఎట్లా నేర్పిస్తారు? నాకు వచ్చిన కర్ణాటకం అక్కడ సాయపడుతుందా, అడ్డం వస్తుందా? డబ్బు సంగతి కూడా తెలిసినవాళ్ళు దాచకుండా చెప్పండి.

చెన్నై_కీస్ | సోమవారం, రాత్రి 11:30

చెల్లెమ్మా, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. చర్చిలో కీబోర్డు వాయించడంతో మొదలై చెన్నైలో ఒక అకాడమీలో రెండేళ్ళు జాజ్ పియానో చదివాను, ఇప్పుడు ఇక్కడే స్టూడియోల్లో, హోటళ్ళలో వాయిస్తూ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. అక్కడ వారం ఎట్లా ఉంటుందో చెప్తా. వాయిద్యం మీద వారానికి ఒక గంట మాష్టారు ఎదురుగా ఒంటరి పాఠం. హార్మొనీ క్లాసు, చెవి సాధన క్లాసు, లయ క్లాసు. వారానికి రెండు సార్లు ఆన్సాంబుల్, అంటే బేస్, డ్రమ్స్, పియానో, ఒకరో ఇద్దరో ఊదేవాళ్ళు ఒక గదిలో కూర్చుని కలిసి వాయించడం. మిగతా టైమంతా ప్రాక్టీసు గది, అక్కడ తలుపు తట్టి బయటికి పంపేదాకా ఉండేవాళ్ళం.

మొదటి ఆరు నెలలు ఎవరూ నన్ను నీ మనసుకి తోచింది వాయించమని అనలేదు. ఒక పాత సోలో ఇచ్చి, కాగితం మీద రాయకుండా ముందు నోటితో పాడమన్నారు. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, ఏ స్వరాన్ని కాస్త వెనక్కి లాగాడో అన్నీ అచ్చంగా రావాలి. 12 బార్ల ముక్క (బార్ అంటే కొన్ని దెబ్బల గడి), నాకు మూడు వారాలు పట్టింది. పాడటం వచ్చాక పియానో మీద వేళ్ళు వాటంతటవే వెతుక్కున్నాయి. ఇంకోటి, పక్కవాళ్ళ సోలోకి నేను పియానోతో తోడు వాయిస్తుంటే మాష్టారు వచ్చి నా కుడి చేతిని మెల్లగా పట్టుకుని ఒళ్ళో పెట్టేశారు. ఎడమ చేత్తో ప్రతి కర్డ్‌కీ, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుకి, రెండే స్వరాలు, మూడోది, ఏడోది, అంతే, అన్నారు. ఆ సెమిస్టరంతా రెండు స్వరాలే. నేను వాయించడం తగ్గించాకే పక్కనున్న డ్రమ్మర్ ఏం చేస్తున్నాడో నాకు వినపడింది. నువ్వు అడిగిన ప్రశ్నకి ఇదే నా సమాధానం. తోచడం ఎవరూ నేర్పలేరు, వినడం నేర్పిస్తారు, ఆ తర్వాత తోస్తుంది.

మృదంగం_మాష్టారు | మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, నేను తిరుపతిలో మృదంగం చెప్పేవాణ్ణి. జాజ్ నా విద్య కాదు, కానీ చెన్నైలో ఆ వాయిద్యకారులతో కొన్ని కచేరీలు వాయించాను కాబట్టి తాళం వరకూ చెప్పగలను. నీకు కల్పనస్వరం వచ్చు అన్నావు, చాలా మంచిది. మనం ఎన్ని స్వరాలు వేసినా చివరికి ఎత్తుగడ మీద, అంటే పాట ఎత్తుకునే చోట, పడాలి కదా. వాళ్ళకీ అంతే, కాకపోతే వాళ్ళ ఆవర్తనం పొడుగు.

వాళ్ళ బ్లూస్ అనే పాట కట్టడం 12 బార్లు, బార్‌కి నాలుగు దెబ్బలు, మొత్తం 48. మన ఆదితాళం ఆరు ఆవర్తనాలు. 32 బార్ల పాట అయితే 128 దెబ్బలు. మనకి 108 తాళాల్లో అన్నిటికన్నా పొడుగైన సింహనందన తాళానికి కూడా 128 అక్షరాలే. అంత పొడుగు ఆవర్తనాన్ని చేత్తో తాళం వేయకుండా లోపల మోస్తూ, మధ్యలో ఎక్కడ ఉన్నామో మర్చిపోకుండా వాయిస్తారు వాళ్ళు. అది చూసినప్పుడు నాకు నిజంగా గౌరవం కలిగింది.

వాళ్ళ స్వింగ్ నడక కోసం తకిట అనుకో, తిశ్రం. మొదటి అక్షరం మీద ఒక స్వరం, మూడో అక్షరం మీద రెండోది, మధ్యలో కి ఖాళీ. నెమ్మది కాలంలో ఇది సరిగ్గా సరిపోతుంది. కాలం పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గి దాదాపు సమంగా నడుస్తుంది, అది లెక్కతో రాదు, విని పట్టుకోవాలి. మెట్రోనోమ్ (దెబ్బ కొట్టే యంత్రం) పెట్టుకుంటే ఒకటి మీద కాకుండా రెండు, నాలుగు దెబ్బల మీద పడేట్టు పెట్టుకుని సాధన చెయ్. నా శిష్యులకి ఇది ఇస్తే మొదటి రోజు అందరూ తడబడ్డారు.

ఇంకో మాట. అమెరికా జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ బృందం 1958లో మన దేశమంతా తిరిగి వాయించి వెళ్ళింది. ఆ మరుసటి ఏడాది వాళ్ళు రికార్డు చేసిన టేక్ ఫైవ్ అనే పాట ఐదు దెబ్బల్లో ఉంటుంది, దాన్ని కట్టింది ఆ బృందంలో నీలాగే ఆల్టో శాక్స్ వాయించిన పాల్ డెస్మండ్. మనవాళ్ళు అది వినగానే మన ఐదక్షరాల తాళం ఖండచాపు అనేస్తారు. జాగ్రత్తగా విను. ఖండచాపు తక తకిట, రెండు, మూడు. అది తకిట తక, మూడు, రెండు. నీ శరీరానికి అలవాటైనది ఒకటి, అక్కడ కావలసింది ఇంకొకటి. నీ కర్ణాటకం సాయమా, అడ్డమా అన్నావే, రెండూను, ఈ ఐదు దెబ్బల్లో ఉన్నట్టు.

రేణిగుంట_శాక్స్ | మంగళవారం, రాత్రి 9:05

మాష్టారూ, చాలా సంతోషం. మీరు చెప్పినట్టు ఇవాళ కాలేజీ నుంచి రాగానే రెండు, నాలుగు మీద మెట్రోనోమ్ పెట్టి సరళీ వరసలు వాయించాను. పది నిమిషాల్లో అది ఒకటి, మూడు మీదకి తిరగబడిపోతోంది, అంటే నేనే తిప్పేస్తున్నాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

32 బార్లలో మధ్య భాగానికి వచ్చేసరికి నేను ఎక్కడున్నానో తెలియడం లేదు. ఇంకో అయోమయం కూడా ఉంది. నేను తోడుగా పెట్టుకునే రికార్డు ట్రాక్‌లో సి అనే స్వరం రాసి ఉంటే నేను సి వాయిస్తే అపస్వరం వస్తోంది. నాయనతో మేళంలో వాయించేటప్పుడు చెవితో పోతాను కాబట్టి ఇది ఎప్పుడూ పట్టించుకోలేదు. కర్డ్స్ అంటే కూడా భయంగా ఉంది, మనకి ఒకటే శృతి, ఒకటే స, ఇక్కడ కింద నేల కదులుతున్నట్టు ఉంటుంది.

చిత్తూరు_గిటార్ | మంగళవారం, రాత్రి 10:20

ఆల్టో శాక్స్ ఇ ఫ్లాట్ వాయిద్యం అమ్మా. నువ్వు సి అని మీట నొక్కితే బయటికి వచ్చేది ఇ ఫ్లాట్. పియానో సి కావాలంటే నువ్వు ఎ వాయించాలి. మీ నాయన క్లారినెట్ బి ఫ్లాట్ అయితే ఆయన డి వాయించాలి. అందుకే ఒకే పాటకి మీ ఇద్దరి వేళ్ళు వేరే చోట ఉంటాయి. నీ వాయిద్యానికి మార్చి రాసిన నోట్స్ వాడు, లేదా ప్రతి కర్డ్‌నీ మనసులో మార్చుకోవడం ఇప్పుడే అలవాటు చేసుకో, ఆడిషన్‌లో పనికొస్తుంది.

నేల కదులుతోంది అన్నావు, ఆ మాట నాకు నచ్చింది. కానీ నువ్వు అనుకున్నంత దూరం కదలదు. జాజ్‌లో అన్నిటికన్నా ఎక్కువ కనపడే వరస డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7. సి ని స అనుకుని శంకరాభరణంలో చూడు. మొదటి కర్డ్ రి మ ద స. రెండోది ప ని రి మ. మూడోది స గ ప ని. ఇప్పుడు ప్రతి కర్డ్‌లో మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే తీసుకో, పైన చెన్నై అన్న చెప్పిన రెండు స్వరాలు అవే. మొదటి దానిలో మ, స. రెండోదానిలో మ అక్కడే ఉంది, స ఒక్క మెట్టు దిగి ని అయింది. మూడోదానిలో ని అక్కడే ఉంది, మ ఒక్క మెట్టు దిగి గ అయింది. అంతే. మూడు కర్డ్స్ మారితే నిజంగా కదిలింది రెండు స్వరాలు, అది కూడా అర మెట్టు. ఇది తంబురా పెట్టుకుని పాడి చూడు, రెండు నిమిషాల్లో ఒంటికి పట్టేస్తుంది. నాకు ఇది తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది, ఎవరూ చెప్పలేదు.

ఎవరూ చెప్పలేదు అంటే, డబ్బు కట్టి కూడా. కొన్నేళ్ళ క్రితం ఒక సిటీలో ఒక చోట జాజ్ గిటార్ డిప్లొమా అని బోర్డు చూసి 45 వేలు కట్టాను, అప్పు చేసి. ఆరు నెలలు సినిమా పాటలకే రెండు కర్డ్స్ ఎక్కువ వేయించారు, ఒక్క రోజు కూడా బేస్, డ్రమ్స్‌తో వాయించనివ్వలేదు, చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు. అందుకే నా అభిప్రాయం, అకాడమీ అక్కర్లేదు. గొప్ప జాజ్ శాక్స్ విద్వాంసుడు చార్లీ పార్కర్ ఏ కాలేజీకీ వెళ్ళలేదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక జామ్‌లో, అంటే వాయించేవాళ్ళంతా చేరి అప్పటికప్పుడు వాయించే చోట, దారి తప్పితే డ్రమ్మర్ జో జోన్స్ సింబల్ తీసి కాళ్ళ దగ్గర విసిరేశాడట. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు రోజుకి 11 నుంచి 15 గంటలు సాధన చేశానని ఆయనే చెప్పాడు. ఆయన వాయించిందీ ఆల్టోనే.

చెన్నై_కీస్ | బుధవారం, ఉదయం 8:50

గిటార్ తమ్ముడూ, నీకు జరిగింది అన్యాయం, అట్లాంటి చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ పార్కర్ సంగతి సగమే చెప్పావు. కాన్సస్ సిటీలో అప్పట్లో తెల్లవార్లూ క్లబ్బులు నడిచేవి, రోజూ రాత్రి ఎక్కడో ఒక చోట జామ్ ఉండేది. తప్పు చేస్తే సింబల్ విసిరే పెద్దవాళ్ళు ఎదురుగా ఉన్నారు. ఆ ఊరే ఆయనకి అకాడమీ. మన తిరుపతిలో రాత్రి తొమ్మిదిన్నరకి ఒక బేస్ ప్లేయర్, ఒక డ్రమ్మర్, ఒక పియానో దొరికి, నువ్వు బ్రిడ్జిలో, అంటే పాట మధ్య భాగంలో, దారి తప్పావు అని చెప్పే మనిషి ఎక్కడున్నారు చెప్పు? అకాడమీకి కట్టే డబ్బు ఆ గదిలో ఉండే ఆ నలుగురు మనుషుల కోసం. సిలబస్ అంతా ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది.

కాబట్టి చెల్లెమ్మా, చేరే ముందు అకాడమీ వాళ్ళని ఒక్కటే అడుగు. వారానికి ఎన్ని గంటలు ఆన్సాంబుల్, అందులో నిజంగా బేస్, డ్రమ్స్ వాయించే విద్యార్థులు ఉన్నారా, లేక ట్రాక్ పెట్టి నడిపిస్తారా? ఒక రోజు ఆ క్లాసులో వెనక కూర్చోనిస్తారా? కూర్చోనివ్వకపోతే ఆలోచించు. అన్ని చోట్లా జాజ్ ముఖ్యం కాదని కూడా గుర్తుంచుకో. రెహమాన్ గారు 2008లో పెట్టిన కె.ఎం. కన్సర్వేటరీ పెద్ద పేరున్న చోటు, కానీ అక్కడి బలం వెస్టర్న్ క్లాసికల్, హిందుస్తానీ, మ్యూజిక్ టెక్నాలజీ. నీకు ఏం కావాలో దాన్ని బట్టి చూసుకో.

చిత్తూరు_గిటార్ | బుధవారం, మధ్యాహ్నం 1:12

మనుషుల మాట ఒప్పుకుంటాను అన్నా. నేను పదేళ్ళుగా ఒంటరిగా ట్రాక్‌తోనే వాయిస్తున్నాను. ట్రాక్ నా తప్పుకి ఎప్పుడూ ఆగదు.

కొలోన్_బేస్ | బుధవారం, రాత్రి 11:48

మాది పీలేరు, ప్రస్తుతం జర్మనీలో జాజ్ బేస్ చదువుతున్నాను. డబ్బు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. అందరూ మొదట చెప్పే పేరు బోస్టన్‌లోని బర్క్‌లీ, 1945లో మొదలైంది, గొప్ప చోటే, కానీ అక్కడ ఏడాది ఫీజు ఒక్కటే దాదాపు 50 వేల డాలర్లు, ఉండటం, తినడం వేరే. ఆడిషన్ బాగా చేస్తే స్కాలర్‌షిప్ ఇస్తారు, పూర్తిగా వచ్చేది చాలా కొద్దిమందికి. జర్మనీలో ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో చాలా రాష్ట్రాల్లో ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొన్ని వందల యూరోల చందా ఉంటుంది. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాల వాళ్ళకి సెమిస్టర్‌కి 1500 యూరోలు. వీసా కోసం ఏడాది ఖర్చు, అంటే 11,904 యూరోలు, ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. జర్మన్ భాష రావాలి. అన్నిటికన్నా కష్టం ప్రవేశ పరీక్ష. అక్కడి ట్రియోతో, అంటే ముగ్గురి బృందంతో, రెండు మూడు పాటలు వాయించాలి, థియరీ, చెవి పరీక్ష రాయాలి, ఒక్కో వాయిద్యానికి సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాకు రెండోసారికి వచ్చింది. మొదటిసారి నేను బాగానే వాయించాను అనుకున్నా, మీరు ట్రియోని వినలేదు అని ఒకటే మాట చెప్పి పంపించారు.

నా సలహా, ముందు దగ్గరలో రెండేళ్ళు చదువు, డిగ్రీ పూర్తి చెయ్, ఆ తర్వాత కావాలంటే ఇటు చూడు. ఈలోపు ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ సంగీత పరీక్షల్లో శాక్సఫోన్‌కి జాజ్ సిలబస్ ఉంది, ఒక వరసలో పని చేయడానికి బాగుంటుంది.

పీలేరు_వాళ్ళమ్మ | గురువారం, ఉదయం 7:20

పై పోస్టు రాసింది మా వాడే. నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, ఈ అమ్మాయి ఇంట్లో చెప్పలేదు అన్నందుకు రాస్తున్నాను. తల్లీ, ముందు ఇంట్లో చెప్పు. మా వాడు కూడా ఆరు నెలలు దాచాడు, తెలిశాక నాకు బాధ కలిగింది వాడు బేస్ చదువుతున్నందుకు కాదు, నాకు చెప్పలేదని. మీ నాయన వాయించే మనిషి. ఆయనకి అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది?

వయొలిన్_తిరుచానూరు | గురువారం, రాత్రి 8:33

గమకం, అంటే స్వరాన్ని ఊపడం, ఆ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే వయొలిన్ మీద నన్ను బాగా ఏడిపించింది అదే. ఖరహరప్రియ స్వరస్థానాలు, వాళ్ళు డోరియన్ అనే స్వరవరస స్వరాలు ఒకటే. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ సో వాట్ అనే పాట దాదాపు అంతా దాని మీదే, 16 బార్లు డి డోరియన్, ఎనిమిది బార్లు అర మెట్టు పైన, మళ్ళీ ఎనిమిది కింద. నేను సంబరపడి అందులో నా ఖరహరప్రియ అంతా పోశాను. గాంధారాన్ని ఊపగానే పియానో మీద ఉన్న నిలకడ గాంధారంతో గుద్దుకుని చెవికి ముల్లులా గుచ్చుకుంది. మన గాంధారం ఒక కదలిక, వాళ్ళది నిలబడ్డ చోటు. దాన్ని నిలబెట్టడం నేర్చుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. అట్లాగని గమకం వదిలేయమని చెప్పను, ఎక్కడ ఊపాలి, ఎక్కడ ఆగాలి అని ఎంచుకోవడం తెలియాలి అంతే.

శాక్స్ మీద కద్రి గోపాల్‌నాథ్ గారి దారి చూడు. ఆయన నాన్నగారు నాదస్వర విద్వాంసులు, ఈయన మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ చూసి దాని మీద మనసు పడి, ఏళ్ళ తరబడి కష్టపడి దాని మీద గమకం పలికించారు. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో ఆయన వాయిస్తుంటే జాన్ హ్యాండీ అనే అమెరికా శాక్స్ విద్వాంసుడు నేను కూడా వేదిక మీదకి రావచ్చా అని అడిగి కలిసి వాయించాడు. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి వయసు 14. వాళ్ళు జాజ్ వాయించలేదు, మన సంగీతమే వాయించారు. అయినా ఆ సభ విన్నది, ఎందుకంటే అప్పటికప్పుడు కట్టే సంగీతాన్ని వినడం ఆ సభకి తెలుసు.

రేణిగుంట_శాక్స్ | శనివారం, రాత్రి 12:55

పీలేరు అమ్మా, మీ మాట విని నిన్న చెప్పేశాను.

నాయన చంద్రగిరి వైపు ఒక పెళ్ళి ముగించుకుని పదకొండుకి వచ్చారు. జరీ కోటు విప్పి మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నారు. చెప్పాను, అంతా ఒకే ఊపిరిలో. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి, అదేదో వినిపించు అన్నారు. బి ఫ్లాట్‌లో 12 బార్ల బ్లూస్ ట్రాక్ పెట్టి నాకు వచ్చినంత వాయించాను. ఆయన కళ్ళు మూసుకుని బొటనవేలితో మోకాలి మీద దెబ్బ వేస్తా విన్నారు. మూడో చుట్టు అయ్యాక లేచి వెళ్ళి పెట్టెలోంచి క్లారినెట్ తెచ్చి, రీడు నోట్లో పెట్టుకుని తడుపుతా ఏమన్నారంటే, ఎనిమిది గదులు ఒక రకంగా పోయి తొమ్మిదో గదిలో మేడ ఎక్కుతోంది, పదిలో ఒక మెట్టు దిగి పదకొండులో ఇంటికి వస్తోంది, అంతే కదా. నేను ఆ ముక్క కాగితం మీద ఒకటి, నాలుగు, ఐదు కర్డ్స్ అని బట్టీ పట్టి రెండు నెలలైంది, ఇప్పటికీ తొమ్మిదో బార్‌లో తడబడతాను. ఆయన మూడు చుట్లలో విని చెప్పేశారు.

తర్వాత ఇద్దరం వాయించాం. ఆయన నేను ఆపిన చోట అందుకుని నాలుగు బార్లు వాయించి మళ్ళీ నాకు వదిలేశారు, ఎవరూ చెప్పకుండానే. అమ్మ లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది, పక్కింటివాళ్ళు లేస్తారు మెల్లగా అంది, పొమ్మని మాత్రం అనలేదు. చివర్లో నాయన ఒకటే అడిగారు, మన మేళం వాయిద్యం అంత పెద్ద చదువులో పనికొస్తుందా అని. ఆ గొంతు విన్నప్పటి నుంచి నాకు నిద్ర రావడం లేదు, అందుకే ఈ టైములో రాస్తున్నాను. ఆయనకి ఏం చెప్పాలి?

కొలోన్_బేస్ | శనివారం, తెల్లవారుజాము 3:20

ఇది ఆయనకి చదివి వినిపించు. జాజ్ పుట్టింది న్యూ ఆర్లీన్స్ వీధుల్లో బ్యాండు మేళాలతో. అక్కడి నల్లవాళ్ళు పెళ్ళికీ, పండగకీ, చావుకీ వీధిలో నడుస్తూ కార్నెట్ (ట్రంపెట్ లాంటి బూర), క్లారినెట్, ట్రాంబోన్, డ్రమ్ములు వాయించేవాళ్ళు. ఎవరైనా పోతే శ్మశానానికి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా, దుఃఖంగా వాయించి, పూడ్చిపెట్టి వచ్చేటప్పుడు ఉత్సాహంగా అందుకునేవాళ్ళు, వెనక జనం ఆడుతూ నడిచేవాళ్ళు. అది ఇప్పటికీ ఉంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ సరిగ్గా నేర్చుకున్నది నిరుపేద పిల్లల్ని ఉంచే ఒక హోమ్ బ్యాండులో. శాక్సఫోన్ కూడా అంతే, 1846లో అడాల్ఫ్ శాక్స్ పేటెంట్ తీసుకున్నాక ముందు చేరింది సైనిక బ్యాండుల్లోకే. జాజ్‌కి కాలేజీలో డిగ్రీ అంటూ వచ్చింది 1947లో, టెక్సస్‌లో. అప్పటికి వీధుల్లో ఆ సంగీతం సుమారు యాభై ఏళ్ళుగా ఉంది. మీ నాయన చేసే పనిలోంచే ఈ చదువు వచ్చింది. నువ్వు ఆపిన చోట అందుకుని నాలుగు బార్లు వాయించి వదిలారు చూడు, దాన్ని మాకు ఇక్కడ ట్రేడింగ్ ఫోర్స్ అని క్లాసు పెట్టి నేర్పిస్తున్నారు.

మృదంగం_మాష్టారు | శనివారం, ఉదయం 6:02

అమ్మా, మీ నాయనగారికి నా నమస్కారం చెప్పు.

రేణిగుంట_శాక్స్ | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:40

అందరికీ ఒక మాట చెప్పాలి. శుక్రవారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో నాయన, నేను చెన్నై వెళ్ళాం. చెన్నై అన్న చెప్పినట్టు ముందు రోజే ఫోన్ చేసి ఆన్సాంబుల్ క్లాసులో కూర్చోవచ్చా అని అడిగితే రమ్మన్నారు. నిజంగానే బేస్, డ్రమ్స్, పియానో ఉన్నాయి, అందరూ విద్యార్థులే. ఒక అబ్బాయి సోలోలో దారి తప్పితే మాష్టారు ఆపలేదు, బేస్ అబ్బాయి అతని వైపు చూసి మొదటి స్వరాన్ని కాస్త గట్టిగా మీటాడు, అతను దారిలోకి వచ్చేశాడు. నాయన నా మోచేయి గిల్లి చూశావా అన్నారు.

మధ్యాహ్నం ఆడిషన్. నేను తెచ్చుకున్న పాట వాయించాను, తర్వాత వాళ్ళు పియానో మీద నాలుగు స్వరాల ముక్కలు వాయిస్తే నేను తిరిగి వాయించాలి, అది కల్పనస్వరం వల్ల తేలిగ్గానే వచ్చింది. నోట్స్ చూసి అప్పటికప్పుడు చదివి వాయించడం బాగా రాలేదు. బ్లూస్‌లో రెండో చుట్టులో గాంధారం ఊపేశాను, వయొలిన్ అక్క మాట అప్పుడే గుర్తొచ్చి మూడో చుట్టులో నిలబెట్టాను. పియానో మేడమ్ తలెత్తి చూశారు. సీటు ఇచ్చారు, ఒక షరతుతో. చూసి చదవడం మీద నాలుగు నెలలు పని చేసి, డిగ్రీ పరీక్షలు రాసుకుని జూలైలో రమ్మన్నారు. ఫీజు రెండు విడతల్లో కట్టొచ్చట, మొదటి విడతకి నాయన ఈ సీజన్ పెళ్ళిళ్ళ డబ్బు పక్కన పెడతానన్నారు, రెండోదానికి నేను పిల్లలకి గాత్రం పాఠాలు మొదలుపెట్టాను, ఇప్పటికి ఐదుగురు వస్తున్నారు. పెదనాన్న ఇంకా మాట్లాడటం లేదు.

ఈ నాలుగు నెలలు ఒంటరిగా ట్రాక్‌తో వాయించాలంటే మనసు రావడం లేదు. నాయన బ్యాండు సామాన్లు పెట్టుకునే షెడ్డు ఉంది, రేణిగుంట రోడ్డు మీద, చుట్టూ ఇళ్ళు లేవు. ఆదివారాలు మధ్యాహ్నం మేళం లేకపోతే ఖాళీగా ఉంటుంది. గిటార్ అన్నా, చిత్తూరు నుంచి రాగలరా? మాష్టారూ, మిమ్మల్ని అడగడానికి భయంగా ఉంది, కానీ అడుగుతున్నాను.

చిత్తూరు_గిటార్ | ఆదివారం, సాయంత్రం 6:58

వస్తాను. షెడ్డులో కరెంటు ఉందా, చిన్న యాంప్ తెస్తాను.

మృదంగం_మాష్టారు | ఆదివారం, రాత్రి 7:30

మృదంగం తెస్తాను. మీ నాయన శృతి ఏది, ముందే చెప్పమను.

వయొలిన్_తిరుచానూరు | ఆదివారం, రాత్రి 7:41

నాకూ చోటు ఉంటే చెప్పండి.

రేణిగుంట_శాక్స్ | ఆదివారం, రాత్రి 7:50

కరెంటు ఉంది, ప్లగ్గు ఒకటే, ఎక్స్‌టెన్షన్ బాక్సు నేను తెస్తాను. మాష్టారూ, నాయన బి ఫ్లాట్ అంటున్నారు. అక్కా, చోటు ఉంది, డోళ్ళు గోడకి జరిపేస్తాం. వచ్చే ఆదివారం మూడింటికి.